యంత్రమునకు గడువు దినము

మన పట్టణములకు యంత్రములు వచ్చిన కథను తరచుగా వినుచుందుము. తొలి రైలు ఏనాడు వచ్చినది, తొలి బస్సు ఏ వీథిని నడచినది అను వృత్తాంతములు మనకు సుపరిచితములే. కాని వచ్చిన యంత్రమును చెడకుండ నిలుపుకొన్న కథ అంతగా వినబడదు. వచ్చుట ఒక్కనాటి పండుగ, నిలుపుకొనుట నిత్యకృత్యము. పండుగకు శిలాఫలకము వేయుదురు గాని నిత్యకృత్యమునకు వేయరు. హైదరాబాదులో ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతముల రాకపోకల చరిత్రను ఈ రెండవ వైపు నుండి చూచినచో, పాత డీజెలు బండిని నేటికిని వాడుకొనుచున్న గృహస్థునకు పనికివచ్చు పాఠమొకటి అందు కలదు. ఆ పాఠమునే ఇచట వివరింపదలచితిమి.

నిజాం రాజ్యపు రాజధాని దాపునకు రైలు 1874లో వచ్చెను. ఆ సంవత్సరమున వాడి కూడలి నుండి సికింద్రాబాదు వరకు దారి తెరచిరి. 1893లో లాలాగూడలో రైలు కార్ఖానా వెలసెను. 1907లో నాంపల్లి నిలయము కట్టబడెను. కంపెనీ యాజమాన్యమున నున్న ఈ రైలు వ్యవస్థను 1930లో నిజాం ప్రభుత్వము కొని, నిజాం స్టేటు రైల్వే అను పేర స్వయముగా నడుపసాగెను. తేదీలు ఇంతే, వీని వెనుకనున్న శ్రమ వేరు.

ఆవిరి ఇంజనుకు బొగ్గెంత ముఖ్యమో నీరంత ముఖ్యము. దక్కను భూమి రాతిభూమి. ఇచ్చటి బావినీటిలో తరచుగా సున్నమును, ఇతర లవణములును కలిసియుండును. అట్టి నీటిని కాచగా కాచగా పాత్ర అడుగున తెల్లని పెంకు కట్టుట మన గృహిణులందరు ఎరిగినదే. బాయిలరులోను అట్లే జరుగును. ఆ పెంకు వేడిని నీటికి అందనీయదు. అందుచే నిప్పు తగులు లోహము మితిమీరి కాగి బలహీనపడును. అందువలన రైలు షెడ్లలో ఆవిరి ఇంజనును నియమిత కాలమునకొకసారి చల్లార్చి, బాయిలరు మూతలు విప్పి, నీటిధారతో లోపలి మడ్డిని కడిగివేయుట ఆచారమయ్యెను. ఇంజను బాగుగనే నడచుచున్నను ఆ దినము వచ్చినచో దానిని ఆపవలసినదే. 'నిన్నటివరకు బాగుగనే యున్నది గదా' అను వాదమునకు ఆ షెడ్డులో విలువ లేదు.

రైలుపెట్టెలకును ఇట్టి నియమమే కలదు. నాంపల్లి నిలయమున బండి నిలిచియున్నప్పుడు పెట్టె చివరి గోడను గమనింపుడు. ఆ పెట్టెకు సంపూర్ణమైన మరమ్మతు ఏ కార్ఖానాలో ఏనాడు జరిగినది, మరల ఏ దినమునకు అది తిరిగిరావలెను అను వివరములు అచట రంగుతో వ్రాసియుండును. లాలాగూడలో మరమ్మతు పొందిన పెట్టెపై ఆ కార్ఖానా సంకేతాక్షరములు కనబడును. ఆ తేది పెట్టె చెడిపోయినదని చెప్పునది కాదు. చెడిపోకమునుపే దానిని విప్పి చూడవలెనని చెప్పునది. ఆ వ్రాత ఏ అధికారి బీరువాలోనో గాక పదిమంది కంటబడు చోట ఉండుట మిక్కిలి గమనింపదగిన విషయము.

రైలువారి ఈ అలవాటు పట్టాలను దాటి రోడ్డు మీదికి వచ్చినది 1932లో. ఆ సంవత్సరము జూను మాసమున నిజాం స్టేటు రైల్వేకు అనుబంధముగా రోడ్డు రవాణా శాఖ ఏర్పడెను. ఆనాడు దానికున్న బస్సులు 27. పనివారు 166 మంది. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో 1899లో స్థాపింపబడిన ఆల్బియన్ సంస్థవారి బస్సులు ఆనాటివి. వానిలో ఒకటి జ్ఞాపకచిహ్నముగా ముషీరాబాదునందలి బస్ భవనమున భద్రపరుపబడెను. దేశమున అనేక పట్టణములలో అప్పటికి బస్సులు ఒక్కొక్క యజమాని చేతిలో నుండి, నడచినంతకాలము నడచి, ఆగినచోట ఆగునవిగా ఉండెను. ఇచ్చట మాత్రము బస్సు రైలువారి చేతిక్రింద పుట్టినది. కాలపట్టికయు, లెక్కపుస్తకమును, కార్ఖానాయు దానికి పుట్టుకతోనే లభించెను. 1951 నవంబరు 1వ తేదీన ఆ శాఖ రైల్వే నుండి విడివడి హైదరాబాదు రాష్ట్రప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. డిపోలలో ప్రతిదినము చేయు పరీక్ష, వారమునకొకసారి చేయు పరీక్ష, ఇన్ని కిలోమీటర్లు నడచినంతనే చేయు సేవ అను విభజన ఆ సంస్థలో స్థిరపడినది. చేతులు మారినను పద్ధతి మారలేదు.

ఈ సందర్భమున గౌలిగూడ బస్సు నిలయమును స్మరింపవలెను. ఆబిడ్సుకు కొలది దూరముననున్న ఆ విశాలమైన ఇనుపకప్పు 1930లో విమానశాలగా కట్టబడి, 1932 నుండి బస్సులకు నీడయైనది. తరతరముల పల్లెప్రజలు ఆ కప్పు క్రిందనే పట్టణమున తొలిసారి కాలుమోపిరి. 2018 జూలై 5వ తేదీన అది కూలిపోయెను. కాని అంతకు కొలదిదినముల ముందే దాని శైథిల్యమును గుర్తించి, బస్సులను, ప్రయాణికులను అచటి నుండి తరలించియుండుటచే ప్రాణనష్టము కలుగలేదు. ఎనిమిది దశాబ్దములకు పైగా నిలిచిన కట్టడము పోయినది, మనుష్యులు మిగిలిరి. గడువును గుర్తించుట యనగా ఇదియే.

అయితే ఆ కప్పు కూలుటకు ముందు చిహ్నములను చూపినది. అన్ని వస్తువులును అట్లు చూపవు. పాత డీజెలు బండిలో ఏ చిహ్నమును చూపక తెగిపోవు భాగమొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ముందు డీజెలు ఇంజను స్వభావమును కొంచెము తెలిసికొనవలెను.

రుడాల్ఫ్ డీజెల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడిపించెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఆ జాతి ఇంజను నొకదానిని వేరుశనగ నూనెతో నడిపి చూపిరనిన, మన రాయలసీమ రైతులకు ముచ్చట కలుగకపోదు. 1913లో ఆంట్వర్పు రేవు నుండి ఇంగ్లండునకు ఓడలో పోవుచు ఆయన రాత్రివేళ సముద్రమున పడి మరణించెను. ఆయన ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు పరికరము లేదు. గాలిని మిక్కిలిగా అణచినచో అది తనంతట తానే వేడెక్కును; ఆ వేడికి ఇంధనము అంటుకొనును. సైకిలుకు గాలికొట్టునప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట పిల్లలకు సైతము తెలిసినదే. పాత చిన్న డీజెలు ఇంజనులలో గాలిని ఇంచుమించు ఇరువదియవ వంతునకు అణచుదురు. అందుచే పిస్టను పైకి వచ్చినప్పుడు దానికిని పై కప్పునకును నడుమ మిగులు సందు ఒక మిల్లీమీటరునకు అటునిటుగా మాత్రమే యుండును.

అంత ఇరుకైన చోటనే గాలిని రానిచ్చు వాల్వును, పొగను పోనిచ్చు వాల్వును తెరచుకొని మూసికొనుచుండును. క్రింది క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి వాల్వులను నడుపు పై క్యాముషాఫ్టు ఒక్క చుట్టు తిరుగవలెను. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 మారులు తెరచుకొనును. పిస్టను పైకి వచ్చుసరికి వాల్వు తప్పుకొనియుండవలెను. ఇరుకు సందులో ఎదురెదురుగా పరుగెత్తు ఇద్దరు ఒకరినొకరు తాకకుండ తప్పుకొనుట వంటిది ఇది. అది దైవికముగా జరుగుట లేదు. క్రింది షాఫ్టును పై షాఫ్టును ఒక బంధము కట్టిపడవేసినందున జరుగుచున్నది.

ఆ బంధమునకును ఒక చరిత్ర కలదు. మొదట అది పళ్లచక్రముల రూపమున ఉండెను. లారీలు, బస్సులు మొదలగు బరువు బండ్ల డీజెలు ఇంజనులలో నేటికిని అవియే ఎక్కువ. అవి బరువైనవి, ఖరీదైనవి, కాని దీర్ఘాయువులు. తరువాత సైకిలు గొలుసు వంటి గొలుసు వచ్చెను. 1950 దశకము చివర ఉత్తరపారాలో తయారుకాసాగిన అంబాసిడరు కారులో చిరకాలము గొలుసే యుండెను. గొలుసు అరిగినకొలది వదులై గలగలలాడును. చెవిగల యజమాని దానిని ముందుగనే పసికట్టును.

మూడవది రబ్బరు బెల్టు. దాని పుట్టుక మోటారులో కాదు, కుట్టుమిషనులో! కుట్టుమిషనులో పైనున్న సూది దిగువేళకు క్రిందనున్న కొక్కెము సరిగా వచ్చి దారమును అందుకొనవలెను. క్షణము తప్పిన కుట్టు తప్పును. ఇట్టి పొత్తును నిలుపుటకై 1940 దశకమున అమెరికాలో గిల్మరు అను బెల్టుల సంస్థవారు లోపలివైపున పళ్లుగల బెల్టును రూపొందించిరి. 1960 దశకపు తొలినాళ్లలో జర్మనీ దేశపు గ్లాస్ కారు దానిని ఇంజనులోనికి తెచ్చెను. 1976లో ఫోక్స్‌వాగన్‌వారి చిన్న డీజెలు కారుకు అదియే అమరెను. మన దేశమున అంబాసిడరు కారుకు అమర్చిన ఇసుజూ డీజెలు ఇంజనులోను, 1998 డిసెంబరులో వెలువడిన టాటా ఇండికా డీజెలు కారులోను ఈ టైమింగు బెల్టే యుండెను. ఇండికా కారు హైదరాబాదు టాక్సీవారి చేతిలో ఎంతగా నలిగినదో నాంపల్లి నిలయము ముందు దిగిన ప్రయాణికులకు వేరుగా చెప్పనక్కరలేదు.

బెల్టు తేలికైనది, చౌకయైనది, చప్పుడు చేయనిది. దాని గుణమే దాని దోషము. రబ్బరులో గాజునారల త్రాళ్లు పొదిగి, పళ్లపై గట్టి గుడ్డ తొడిగి దానిని చేయుదురు. వేడికి, దుమ్ముకు, నూనె తడికి రబ్బరు బిరుసెక్కును. లోపలి నారలు ఒక్కొక్కటిగా తెగును. పైకి మాత్రము చాలకాలము నిన్నటి వలెనే నేడును కనబడును. దానిపై మూత యుండుటచే ఆ కనబడునది కూడ కంటికి రాదు. ఒకనాడు అది తెగును, లేదా పళ్లు ఊడిపోవును. పై షాఫ్టు నిలిచిపోవును. క్రింది షాఫ్టు బండి వేగముచే ఇంకను తిరుగుచునే యుండును. తెరచియున్న వాల్వులపై పిస్టనులు వచ్చి కొట్టును. వాల్వులు వంగును, ఒక్కొక్కప్పుడు పిస్టనులు పగులును. కొన్ని క్షణములలో ఇంజను పై భాగమంతయు పాడగును. డీజెలు ఇంజనులో సందు మిక్కిలి తక్కువ గనుక తప్పించుకొను అవకాశమును తక్కువయే.

అందువలననే తయారుచేసినవారు బెల్టుకు గడువును ముందుగనే నిర్ణయించిరి. ఇంజనును బట్టి అది సాధారణముగా 60,000 నుండి 1,00,000 కిలోమీటర్ల వరకు ఉండును. దానితోపాటు ఇన్ని సంవత్సరములని కూడ చెప్పుదురు. ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిన దానినే పాటింపవలెను. తక్కువగా తిరుగు బండి యజమానులు ఇచటనే పొరబడుదురు. బండి నీడన నిలిచియున్నను రబ్బరు ముదియుట మానదు. గడువు ఎంత అనుదానికి ఆ బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణము. పొరుగువాని బండి ప్రమాణము కాదు.

ఇక నీటి సంగతి. ఆవిరి ఇంజనులో నీరు శక్తినిచ్చును. డీజెలు ఇంజనులో నీరు రక్షణమునిచ్చును. ఇంజను గోడలలోని సందుల ద్వారా నీరు ప్రవహించి, వేడిని మోసికొని రేడియేటరునకు వచ్చి, అచట గాలికి చల్లబడి మరల లోనికి పోవును. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున ఇచట నీరు సుమారు 98 డిగ్రీల సెంటిగ్రేడుననే మరుగును. రేడియేటరు మూతలోని బిగువైన స్ప్రింగు లోపల ఒత్తిడిని నిలిపి, నీరు త్వరగా మరుగకుండ చేయును. ఆ మూత వదులైనచో ఎండకాలమున ఎత్తుదారిలో బండి ఆవిరులు క్రక్కును. ఇంత చిన్న మూతకు ఇంత పని యున్నదని తెలియక దానిని పారవైచి గుడ్డపీలిక బిగించినవారును కలరు.

చెఱువునీరో బోరునీరో తెచ్చి రేడియేటరులో పోయుట మన దేశమున చిరకాలపు అలవాటు. దాని ఫలితము ఆవిరి బాయిలరు ఫలితమే. సన్నని గొట్టములలో సున్నపు పెంకు కట్టును, ఇనుము తుప్పుపట్టి ఎఱ్ఱని మడ్డి యగును, నీరు పారదు. ఇంజను కాగి పై కప్పు వంగును, నడుమనున్న గాస్కెట్టు కాలును. రైలు షెడ్డువారు శతాబ్దము క్రిందటనే నేర్చిన పాఠమిది. మోటారు యజమాని ఒక్కొక్కరు మరల మొదటి నుండి సొంత ఖర్చుతో నేర్చుకొనుచున్నారు. శుద్ధిచేసిన నీటిని, తుప్పును నిరోధించు కూలెంటును తయారుచేసినవారు చెప్పిన పాళ్లలో కలిపి పోసి, చెప్పిన గడువునకు మార్చినచో ఈ బాధ చాలవరకు తీరును.

బెల్టు కథయు నీటి కథయు ఒకచోట కలియును. అనేక ఇంజనులలో నీటిని తిప్పు వాటరుపంపును నడుపునది ఈ టైమింగు బెల్టే. పంపు కారినచో ఆ తడి బెల్టుపై పడును. పంపు బేరింగు బిగిసినచో బెల్టు తెగును. నీటిని నిర్లక్ష్యము చేసినవాడు బెల్టును కూడ పోగొట్టుకొనును. కనుకనే అనుభవముగల మిస్త్రీ బెల్టు మార్చునప్పుడే వాటరుపంపును, బెల్టును బిగించు టెన్షనరును, దారి మళ్లించు కప్పీని, థర్మోస్టాటును, గట్టిపడిన రబ్బరు గొట్టములను మార్చుదమనును. ఇది ఖర్చు పెంచు ఎత్తుగడ కాదు. ఆ పంపును చేరుటకు బెల్టును విప్పక తప్పదు. రేపు పంపు కారినచో విప్పినదంతయు మరల విప్పవలసియుండును.

మంచి పనివాని పద్ధతి చూడ ముచ్చటగా నుండును. ఇంజను పూర్తిగా చల్లారినగాని అతడు రేడియేటరు మూతపై చేయి వేయడు. వేడిమీద మూత తీసినచో ఎగసిన నీరు ముఖమును కాల్చును. పాత నీటిని పాత్రలో పట్టును గాని కాలువలోనికి వదలడు. కూలెంటు తియ్యగా నుండు విషము, పశువులకు పిల్లలకు ప్రమాదకరము. పాత బెల్టును తీయుటకు ముందే క్రింది చక్రమును, పై చక్రమును, ఇంధనపు పంపు చక్రమును వాని గుర్తుల వద్దకు తెచ్చి నిలుపును. బెల్టు లేనప్పుడు ఏ షాఫ్టును విడిగా తిప్పడు. క్రొత్త బెల్టు వేసి, చెప్పినంత బిగువు పెట్టి, ఇంజనును వెంటనే స్టార్టు చేయక, పానాతో చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పును. ఎచటనైన తగిలినచో చేయి చెప్పును. గుర్తులు మరల కలిసినగాని తాళముచెవి త్రిప్పనీయడు. ఆ రెండు చుట్లకు పట్టు కాలము కొద్ది నిమిషములు. వానిని మిగిల్చిన పనివాడు ఇంజనునే పణముగా ఒడ్డిన జూదరి.

గోషామహలు, జాంబాగు వైపు మోటారు విడిభాగముల అంగళ్లలో క్రొత్తవియు పాతవియు దొరకును. అనేక భాగములకు పాతది వాడుట తప్పు కాదు. తలుపునకు, దీపపు గూటికి అది పొదుపే. కాని బెల్టునకు, టెన్షనరునకు, వాటరుపంపునకు పాతది వాడుట పొదుపు కాదు. ఇతరులు వాడిన గడువును మనము కొనినట్లగును. అది ఎంత మిగిలినదో అమ్మువానికిని తెలియదు.

ఈ విషయమున నష్టపడువారు ఎవరు? ధనవంతుని బండి ఆగినచో మరియొక బండి వచ్చును. పాత డీజెలు కారును అప్పుచేసి కొని, దానినే జీవనాధారముగా నడుపుకొను డ్రైవరుకు బెల్టు తెగిన దినము నుండి ఇంటిలో పొయ్యి వెలుగుట కష్టము. ఈ నెల బడి జీతములు, పై నెల పండుగ అని అతడు గడువును వాయిదా వేయును. బండి నడచుచునే యున్నది గనుక ఆ వాయిదా తెలివిగా తోచును. ఒక బెల్టు, ఒక పంపు ఖర్చునకు వెనుదీసినవాడు తుదకు ఇంజను పైభాగమంతటి ఖర్చును, బండి ఆగిన దినముల కూలిని కలిపి చెల్లించును. 'దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను' అను పెద్దల మాటను యంత్రములకును అన్వయింపవచ్చును. అద్దెకిచ్చు యజమానులు ఈ ఖర్చును డ్రైవరుపై నెట్టక తామే భరించుట న్యాయము. గడువు బండిది గాని దానిని నడుపువానిది కాదు.

పాత బండిని వదలివేయుటయే మేలు గదా అని కొందరందురు. పదునైదు సంవత్సరములు నిండిన సొంతబండికి మరల పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొందవలెనని చట్టము చెప్పుచున్నది. పొగ క్రక్కుచు, బ్రేకులు పట్టని బండిని వదలవలసినదే. అందు మాకు భేదాభిప్రాయము లేదు. కాని ఆ పరీక్షలో నెగ్గి, ఒక కుటుంబమును పోషించుచున్న బండి కేవలము ఒక రబ్బరు పట్టె గడువు తప్పినందున ఇనుపసామానుల అంగడికి పోవుట విచారకరము.

రైలుపెట్టె తన గడువును గోడపై మోయుచున్నది. మన కారు మాత్రము దానిని మూత క్రింద దాచుకొన్నది. ఈ వ్యత్యాసమును తొలగించుట యజమాని చేతిలోని పనియే. బెల్టు మార్చిన దినమును, ఆనాటి కిలోమీటర్ల సంఖ్యను, మరల మార్చవలసిన దినమును, కూలెంటు పోసిన తేదిని ఒక చిన్న అట్టపై తెలుగులో స్పష్టముగా వ్రాసి, ఇంజనుపై మూత లోపలి వైపున అంటింపుడు. బండిని అమ్మునపుడు ఆ అట్టను చింపవద్దు. కొనువాడు ముందుగా దానినే అడుగవలెను. అట్ట లేనిచో బెల్టు గడువు తీరినదనియే తలచి, ఇంటికి తెచ్చుటకు ముందే మిస్త్రీ వద్దకు తీసికొని పోవలెను.